రెండు వేళ్ల జాగా

మా పిల్లి ఇంట్లో నన్ను తప్ప అందరినీ కరిచింది. తొమ్మిదేళ్ల వయసులో ఈ సంగతి బడిలో ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో, ఇప్పుడు తలుచుకుంటే అంత సిగ్గేస్తుంది.

అప్పుడు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. ముందు గదిలో నాలుగు సాంచాలు, వెనక గదిలో మేము. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. పొద్దున మొదలైతే వాటి మోతకు మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు, అరుచుకునేవాళ్లు. కూర బాగుందని చెప్పాలన్నా తగువు పడుతున్నట్టే ఉండేది. ఆ మోతలోనూ భయపడనివి ఎలుకలు. సాంచాకు ఎక్కించే పెద్ద దారపు చుట్టను బీము అంటారు. దాని దారాలకు గంజి పట్టించి ఉంటుంది కాబట్టి ఎలుకలకు అది పెళ్లి భోజనం. ఒక్కటి వచ్చి పళ్లు పెట్టిపోయిందంటే, తెగిన పోగులన్నీ మళ్లీ అతకడానికి మా నాన్నకు, అంటే బాపుకు, పూటంతా పట్టేది. అతుకుతూ ఎలుకల వంశాన్నంతా పేరుపేరునా తిట్టేవాడు.

అందుకే పిల్లిని తెచ్చుకున్నాం. కోరుట్లలో మా మేనత్త బీడీలు చుట్టేది. వాళ్లింట్లో పిల్లి ఈనిందని తెలిసి బాపు, నేను బస్సులో పోయి ఒక పిల్లకూనను తెచ్చాం. నల్లటి నలుపు. మా మాటలో కర్రె పిల్లి. తునికాకు బుట్టలో పెట్టి పైన గుడ్డ కట్టింది అత్త. తిరుగు ప్రయాణంలో వేములవాడ ఇంకా రాకముందే పోలీసులు బస్సు ఆపారు. అడవిలో అన్నలు, రోడ్ల మీద పోలీసులు ఉన్న రోజులవి. నక్సలైట్లను మా ఊళ్లల్లో అందరూ అన్నలనే అనేవాళ్లు. బస్సులు ఆపి సంచులు విప్పించడం మాకు అలవాటైపోయింది.

"బుట్టల ఏమున్నదే?" అన్నాడు ఒక పోలీసు నన్ను చూసి.

"పిల్లి, సారు."

"పిల్లినా?" అని నమ్మకుండా తుపాకి కొనతో గుడ్డ ఎత్తాడు. పిల్లికూన తల బయట పెట్టి ఆ తుపాకి కొనను వాసన చూసి, తుమ్మింది. బస్సంతా నవ్వింది, పోలీసు కూడా నవ్వాడు. బాపు మాత్రం సిరిసిల్ల వచ్చేదాకా నవ్వలేదు. ఇంటి గడపలోకి వచ్చాక మూలకు కూర్చుని ఒక్కడే నవ్వాడు.

ఇంట్లో పిల్లిని ముందు చేతుల్లోకి తీసుకున్నది మా బాపమ్మ, బాపు తల్లి. ఆమె కళ్లకు పొర వచ్చి చూపు మందగించింది. అయినా పొద్దంతా చరఖా ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేది. దారం తెగితే కంటి చూపుతో పని లేకుండా వేళ్లతోనే ముడి వేసేది. రెండు కొసలు బొటనవేలి మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, చుట్టూ తిప్పి, లాగితే అయిపోయేది. లాగిన కొద్దీ బిగిసే ముడి అది. ఆ ముడిని ఆమె నాకు ఏడాది నుంచి నేర్పుతోంది. నేను వేసిన ప్రతి ముడీ సాంచా ఎక్కగానే జారిపోయేది.

"నీ ముడి సుట్టంలెక్క అచ్చి పోతది" అనేది బాపమ్మ. "ఊడని ముడి ఎప్పుడేస్తవో ఏమో. మనది ముడి ఊడిందంటే నలుగుట్ల పరువు పోతది బిడ్డా."

పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఆమె, "కొత్త పానం ఇంటికచ్చింది, నలుగురి కండ్లు పడ్తయి. మెడకు దారం కట్టాలె. పెట్టెల నల్లనూలు ఉన్నది, తే" అంది.

మా దగ్గర పసిపిల్లలకు దిష్టికి నల్లదారం కడతారు. పత్తి నూలు దారం కదా, మూడు నాలుగు నెలల్లో నాని, మెత్తబడి దానంతట అదే రాలిపోతుంది. రాలిపోయిందంటే దిష్టి పోయినట్టు. మళ్లీ కొత్తది కడతారు. బాపమ్మ లెక్క అదీ. నేను పెట్టె తెరిచి చూస్తే నూలు దారం వెలిసిపోయి, పట్టుకుంటేనే తెగేలా ఉంది. పక్కనే బాపు చారల గుడ్డకు తెచ్చిన నల్ల పాలిస్టర్ దారం ఉంది. పట్టులా మెరుస్తోంది. నా పిల్లికి అలాంటి పాత దారమా అనిపించింది. పాలిస్టర్‌దే తెచ్చి, దాని మెడ చుట్టూ తిప్పి, బొటనవేలి మీద కొసలు పెట్టి, తిప్పి, లాగాను.

"ఊడ్తదా?" అంది బాపమ్మ.

గట్టిగా గుంజాను. ముడి రాలేదు, పిల్లి వచ్చింది.

"ఊడలే! బాపమ్మా, ఊడలే!" అని వాడంతా వినిపించేలా అరిచాను. నా జన్మలో ఊడని మొదటి ముడి అది. 

పిల్లి పెరిగింది. నెల తిరగకముందే ఎలుకలు పక్కిళ్లకు వలస పోయాయి. బాపు దానికి రోజూ తన గిన్నెలోంచి పాలన్నం పెట్టడం మొదలుపెట్టాడు. ఒళ్లంతా దట్టమైన నల్ల బొచ్చు వచ్చి, దారం కళ్లకు కనిపించకుండా పోయింది. కనిపించనిదాన్ని ఎవరు తలుచుకుంటారు, అందరమూ మరిచిపోయాం.

వానాకాలం పోయి చలి మొదలయ్యేసరికి దాని గుణం మారిపోయింది.

ముందు అవ్వను కరిచింది. మేము అమ్మను అవ్వ అంటాం. ఒళ్లో పండుకున్న పిల్లి తల మీదినుంచి మెడ మీదికి చేయి నిమిరింది, అంతే, చేతిని పట్టేసింది. తర్వాత బాపు. బీము మీద పడుకుంటే మెడ దగ్గర పట్టి దించబోయాడు. ఆ రోజు ఎడమ చేత్తోనే సాంచా నడిపాడు. తర్వాత ఒళ్లోకి తీసుకోబోయిన బాపమ్మ. తర్వాత పాలలోకి తోడు కోసం వచ్చిన పక్కింటి పెద్దవ్వ. "నా బంగారు కొండ" అని ముద్దు చేయబోతే, చేతిలో మజ్జిగ గిన్నె అక్కడే వదిలి వీధిదాకా ఉరికింది. నన్ను మాత్రం ఏమీ అనేది కాదు. నేను దాని తోక మొదట్లో గీరేదాన్ని, వీపు మీద రాసేదాన్ని. అది కళ్లు మూసుకుని గుర్రుగుర్రు మనేది. నా మీద ప్రేమ అనుకున్నాను. బడిలో అందరికీ అదే చెప్పాను.

ఎందుకు కరుస్తుందో మా వాడలో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. సాంచాల మోతకు తలకాయ తిరిగిందని ఒకరు, గంజి నాకి వేడి చేసిందని ఒకరు. జోడు కోరుకుంటోందని ఆడవాళ్లు నన్ను బయటికి పంపి గుసగుసలాడారు, నేను కిటికీ కింద నిలబడి అంతా విన్నాను. పెద్దవ్వ మొగుడికి ఎగతాళి ఎక్కువ. ఆయన మా అరుగు మీద కూర్చుని, "నీ పిల్లి అన్నలల్ల గలిసిందే! అందుకే అందర్ని గరుస్తున్నది. ఇంక రేపో మాపో అడివికి పోతది సూడు" అన్నాడు.

బాపు మొహం తెల్లబోయింది. "గా ముచ్చట ఈడ తియ్యకు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు.

ఆయనా నాలుక కరుచుకుని అటూ ఇటూ చూశాడు. ఆ రోజుల్లో ఎవరొచ్చారు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు చేశారు అని పోలీసులు అడిగితే మా వాడలో ఒకటే జవాబు: "ఎర్కలేదు సారు." పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఆ మాట నేర్పేవాళ్లు. నాకు ఎక్కాలు ఇప్పటికీ సరిగా రావు, ఆ మాట మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అసలు కారణం కనిపెట్టింది బాపమ్మే, లేదా కనిపెట్టానని అనుకుంది. "మెడల దారం ఎవ్వలకు కనవడ్తలేదు. రాలిపోయింది. అందుకే దిష్టి తగిలింది. కొత్తది కట్టాలె" అంది. అని నా వైపు తిరిగి, "చూసినవా, నీ ముడి ఊడింది" అంది నవ్వుతూ.

నాకు ఏడుపొచ్చింది. పిల్లికి దిష్టి తగిలినందుకు కాదు, నా ముడి ఊడిపోయినందుకు. ఊడని నా ఒకే ఒక్క ముడి కూడా చివరికి సుట్టంలా వచ్చి పోయింది. ఆ కోపంలో రెండు రోజులు చరఖా దగ్గరికే పోలేదు. అది పాలిస్టర్ దారం, అంత తొందరగా రాలిపోదు అన్న ఆలోచన నాకు రానే లేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో, పెట్టెలోంచి బాపు దారం తీసినందుకు వీపు పగిలేది.

కొత్త దారం కట్టే కార్యక్రమం ఒక ఆదివారం జరిగింది. అవ్వ రెండు చేతులకు గోనె సంచి ముక్కలు చుట్టుకుంది. బాపు తలకు తువ్వాల, చేతిలో దుప్పటి. కళ్లు కనిపించని బాపమ్మ మూలకు కూర్చుని, "ఎడమకు! అగో, కుడికి!" అని హుకుం చేస్తోంది. మొహం మీద గీరుతుందని నన్ను గడప అవతలే నిలబెట్టారు. దుప్పటి పిల్లి మీద పడలేదు, అవ్వ మీద పడింది. పిల్లి బాపు భుజం మీదినుంచి బీము మీదికి, అక్కడినుంచి అటక మీదికి ఎక్కింది. పోతూ పోతూ బాపు చెవిని కొరికింది. 

చెవికి మందు రాసిన ఆరెంపీ డాక్టరు, "మల్ల గరిస్తె బొడ్డు సుట్టు సూదులే" అన్నాడు. ఆ మాటతో బాపు ఓపిక అయిపోయింది.

"బేస్తారం నాడు దాన్ని సంచిల ఏస్కపోయి, ఈర్నపల్లి అవుతల చెట్లల్ల ఇడ్సిపెట్టస్త" అన్నాడు.

"అది సచ్చిపోతది" అన్నాను.

"గన్ని ఎలుకలను తిన్నది, ఎట్ల సస్తది? బతుకుతది."

"నన్ను గూడ సంచిల ఎయ్యి."

"నువ్వు గరుస్తలేవు కదా" అన్నాడు బాపు. ఇంకో రోజైతే నాకూ నవ్వొచ్చేదే. ఆ పూట అన్నం ముట్టలేదు. మరుసటి పూట కూడా ముట్టలేదు. బాపు కండెలు వేసే గోనె సంచి ఒకటి ఖాళీ చేసి, దులిపి, దండెం మీద ఆరేశాడు. నేను ఆ దండెం వైపు పోకుండా తిరిగేదాన్ని. పిల్లి మాత్రం ఆ సంచి కిందే ఎండకు పడుకుని పాదాలు నాక్కుంటోంది.

బాపు చెప్పిన గురువారానికి ఒక రోజు ముందు, బుధవారం మధ్యాహ్నం పోలీసులొచ్చారు. పొద్దున మా వాడ చివర గోడ మీద ఎవరో ఎర్ర కాగితాలు అంటించిపోయారట. ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నారు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అలాంటి నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ లేదు, గోడకున్న గడియారం మోగుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఎస్సై గడప దగ్గర నిలబడ్డాడు. నెరిసిన మీసాల బొద్దు కానిస్టేబుల్ ఒకాయన లోపలికి వచ్చి, పెట్టె చూసి, మంచం కింద చూసి, ఖాళీ బీములు ఆనించిన మూలకు పోయి వాటి వెనక చేయి పెట్టాడు.

"అమ్మో!" అన్నాడు.

"ఎవడ్రా లోపల?" అని ఎస్సై ఒక్క దూకున వచ్చాడు.

బాపు రెండు చేతులూ పైకెత్తేశాడు. "సార్, పిల్లి సార్! పిల్లి!"

"పిల్లయితె నువ్వెందుకు చేతులు లేపినవ్?"

బాపు చేతులు దించి, మళ్లీ ఎత్తాడు. కానిస్టేబుల్ మెల్లగా చేయి బయటికి తీశాడు. బొటనవేలి నుంచి రక్తం కారుతోంది. రెండో చేత్తో పిల్లిని మెడ వెనక పట్టుకుని ఉన్నాడు. అది ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తోంది. మా వాళ్లందరికీ అదే భయం, పోలీసును కరిచిందని బాపును తీసుకుపోతారని. నాకు అది కూడా తోచలేదు. ఆ గుప్పిట్లో పిల్లి ప్రాణం పోతుందనే ఒక్కటే భయం. పోయి ఆయన ప్యాంటు పట్టుకున్నాను. బాపు నన్ను వెనక్కి లాగాడు.

కానిస్టేబుల్ వేళ్లు మెడ దగ్గర ఆగిపోయాయి. పిల్లిని వెలుతురుకు తిప్పి, బొచ్చు పాయలుగా తీసి చూశాడు. నోటితో చప్పుడు చేశాడు. "కత్తెర తెండ్రి" అన్నాడు.

నేను కెవ్వుమన్నాను. అవ్వ పోగులు కత్తిరించే చిన్న కత్తెర తెచ్చి ఇచ్చింది. ఆయన దాని కొసను బొచ్చులోకి దూర్చి, పిల్లి ఎంత పెనుగులాడినా ఊపిరి బిగబట్టి మెల్లగా జరిపి, ఒక్క పెట్టున కత్తిరించాడు. తర్వాత రెండు వేళ్లతో నల్లదారాన్ని పైకి లాగాడు. అది చర్మంలోకి దిగిపోయి ఉంది. దారంతో పాటు రక్తం, చీము వచ్చాయి.

పిల్లి అరుపు ఆపింది. ఆయన చేయి వదిలితే కింద పడ్డట్టు కూర్చుంది, పారిపోలేదు కూడా.

ఆయన దారాన్ని గాలిలోకి ఎత్తి పట్టి, మా అందరి మొహాలూ చూశాడు.

"ఎవలు కట్టిండ్రు గిది?"

ఎర్కలేదు సారు. ఆ మాట నా నాలుక కొసన ఉంది. నేనే సారు అన్న మాట దాని వెనకే ఉంది. రెండూ రాలేదు.

"నేనే సారు" అంది బాపమ్మ మూలనుంచి. "ముసల్దాన్ని. కండ్లు కనవడయి."

ఆయన కోపమంతా దిగిపోయింది. "అవ్వా, మాది జగిత్యాల అవుతల బీర్పూర్. ఎవుసపోల్లం. దూడ మెడకు పలుపు కట్టేటప్పుడు రెండు వేళ్లు దూరేటంత జాగ ఇడుస్తం. నెలకోపారి మల్ల వేళ్లు వెట్టి సూస్తం. దూడ పెరుగుతది గాని పలుపు పెరుగుతదా? గీ పిల్లి పెరిగింది, గీ దారం పెరగలే. ముట్టుకుంటె గరువక ఏంజేస్తది? నీ మెడల ఉరి బిగిస్తె నువ్వు గరువవా?"

బాపమ్మ తలవంచుకుని, "గరుస్త సారు" అంది.

మేము నేత పని చేసేవాళ్లం. మా చేతిలోని దారం పెరిగేది కాదు, మేము ముడివేసేది పెరిగేదీ కాదు. గట్టిగా బిగించడమే మాకు తెలిసిన విద్య. 

"సోదా అయిందా, పశువుల దవఖాన వెట్టినవా?" అని అరిచాడు ఎస్సై. అవ్వ గబగబా పసుపు అద్దిన గుడ్డపేలిక తెచ్చి కానిస్టేబుల్ బొటనవేలికి చుట్టింది. "సెల్లె, జెర రెండు వేళ్ల జాగ ఇడ్సి కట్టు" అన్నాడు ఆయన. ఎస్సైకి కూడా నవ్వాగలేదు. వాళ్లు పక్కింటికి పోయారు. కాసేపటికి అక్కడినుంచి పెద్దవ్వ మొగుడి గొంతు వినిపించింది, "ఎర్కలేదు సారు" అని.

బాపమ్మ నా వైపు చేయి చాపింది. కానిస్టేబుల్ పడేసిన దారాన్ని కడిగి ఆమె చేతిలో పెట్టాను. వేళ్ల మధ్య ఒక్కసారి రాసి చూసింది. "గిది నూలు కాదు" అంది మెల్లగా, బాపుకు వినిపించకుండా. తర్వాత ముడికి ఇటూ అటూ పట్టుకుని గుంజింది. మళ్లీ గుంజింది. కత్తెర పడిన చోట తప్ప దారం ఎక్కడా చెదరలేదు.

"ముడి మాత్రం మంచిగేసినవ్ బిడ్డా" అంది.

ఏడాదంతా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూశాను. ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. బాపు అది పిల్లి బతికిందన్న సంతోషం అనుకున్నాడు. దండెం మీది సంచి తీసి మళ్లీ కండెలు నింపాడు.

సాయంత్రం బాపమ్మ గిన్నెలో పసుపు, కొబ్బరినూనె కలిపింది. "పో, నువ్వే రాయి" అంది నాతో. పిల్లి నన్ను చూసి ఎప్పటిలా వీపు చూపించింది. నేను వీపు వదిలేసి మొదటిసారి మెడ మీద చేయి పెట్టాను. అది తల తిప్పి, నా బొటనవేలి మొదట్లో రెండు పళ్లూ దించింది. నేను చేయి లాక్కోలేదు. అది తనంతట తాను వదిలేదాకా ఉండి, మిగిలిన పసుపు కూడా రాశాను.

"గింత రక్తం కారుతుంటె ఏడ్వదేంది గిది?" అంది అవ్వ. బాపమ్మ అదే గిన్నెలోంచి నా వేలికి కూడా పసుపు పెట్టింది.

పుండు నెలలోపే మానింది. ఆ తర్వాత అది ఎవరినీ కరవలేదు. పెద్దవ్వ కూడా ఎత్తుకునేది. బాపు పొద్దున సాంచా మొదలుపెట్టే ముందు దాని మెడ కింద రెండు వేళ్లు పెట్టి గీరేవాడు, దారం లేకపోయినా. తప్పు తనదేనని బాపమ్మ అందరితో ఒప్పుకుంటూనే ఉంది. వాడకట్టు ఆడవాళ్లు ఆమె ముసలితనం మీద నవ్వేవాళ్లు, ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వేది. నేను పక్కనే కూర్చుని కండెలు అందిస్తూ ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఆమె పోయింది, బాపు పోయాడు, ఆ బీర్పూర్ కానిస్టేబుల్ ఎక్కడున్నాడో తెలియదు. నా బొటనవేలి మీద రెండు చుక్కలు ఇంకా ఉన్నాయి.

ఎవలు కట్టిండ్రు అని అడిగినవ్ కదా సారు. నేనే.